తవుడుకు కొన్న బిడ్డ

టీకా రోజు

దీపాలు పూర్తిగా వెలగగానే టీకా గది బయటి తలుపు రెక్క తీసి గడప రబ్బరు తుడిచాను. ఇక్కడి దుమ్ము ఎర్రగా, పిండికన్నా మెత్తగా ఉంటుంది. రబ్బరు మీద చిటికెడు మిగిలినా లోపలి రెక్క తెరుచుకోదు. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. తుడిచిన నీళ్ళు పారబోయకూడదు కాబట్టి గుడ్డ పిండి సీసాలో పోసి, నీళ్ళ వంతులో జమ చేశాను.

గది మూడు వరసలకీ నడుమన ఉంది. పై వరసలో వరి మడులు చూసేవాళ్ళుంటారు. నడిమి వరసలో పంపులు, తలుపులు బాగుచేసేవాళ్ళు. కింద వరసలో తవ్వకంవాళ్ళు. ఈ మూడు వరసలూ కలిస్తే ఒక దిబ్బ. దిబ్బ మొత్తానికి పిల్లలకు టీకా వేసేది ఈ ఒక్కచోటే. సూది ఉండదు. తల్లి బిడ్డను ఎత్తుకుని రెండు రెక్కల మధ్య నిలబడితే గది ఇద్దరి ఊపిరీ పట్టి చూస్తుంది. పుట్టిన రోజు మొదటి మందుకి బిడ్డను ఎవరు ఎత్తుకొస్తే వాళ్ళ ఊపిరినీ బిడ్డ ఊపిరినీ జతగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ జత కలిస్తేనే లోపలి రెక్క తీసి, మందును మంచులా వదులుతుంది. ఒకప్పుడు ఒకరి బిడ్డ మందు మరొకరి బిడ్డకి పట్టించేవారట. పెద్దదిబ్బ ఆఫీసువాళ్ళు అందుకని ఈ ఏర్పాటు చేశారు. నా చేతిలో ఉండేవి గుడ్డ, చీపురు, ఆఫీసుకి కబురు పంపే మీట. అందరూ నన్ను దాలప్ప అంటారు, అప్పంటే అక్క.

తల్లులు గోడవారగా కూర్చున్నారు. అందరికన్నా ముందు నడిమి వరస గౌరునాయుడి భార్య అసిరమ్మ వచ్చింది. కూడా అత్త సన్నమ్మ. చంకలో బిడ్డ తవిటమ్మ. ఏడాది మందు వేయించాలి. పిల్లకి పుట్టువెంట్రుకలు ఈమధ్యే తీసినట్టున్నారు, గుండు నున్నగా మెరుస్తోంది.

"ఆ గుండు కాసేపు మా మడిలో ఎట్టండే, ఒక దీపం ఖర్సు తగ్గుతాది" అంది పై వరస ఆవిడొకతె. అందరూ నవ్వారు. అసిరమ్మ కూడా నవ్వింది.

ఆమె రెక్కల మధ్యకి వెళ్ళింది. బయటి రెక్క మూసుకుంది. గది గాలి పీల్చిన చప్పుడయింది. లోపలి రెక్క కదల్లేదు.

దుమ్మనుకున్నాను. వాళ్ళను బయటికి రమ్మని రబ్బరు మళ్ళీ తుడిచాను. మళ్ళీ పంపాను. కదల్లేదు. తర్వాతి ఆవిడను పంపి చూస్తే వెంటనే తెరుచుకుంది. ఆ బిడ్డకి మందు పడింది, ఏడ్చింది, బయటికి వచ్చింది. మూడోసారి అసిరమ్మను పంపాను. ఊహుఁ.

అప్పుడు వెనకనుంచి ఎవరో అన్నారు. "దాన్ని కొన్న తల్లేదీ? ఆవిడొత్తే గాని తియ్యదేటో."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అసిరమ్మకి ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఒకరు పుట్టిన పూటే పోయారు, ఒకరు దుమ్ము దగ్గుతో. అలాంటి ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, తల్లి పాలు పట్టకముందే చేటలో పడుకోబెట్టి, పిల్లలందరూ బతికి ఉన్న ఆడమనిషికి తవుడుకి అమ్మేస్తారు. చావు వెతుక్కుంటూ వస్తే, ఇది ఈ ఇంటి బిడ్డ కాదు, తవుడుపాటి విలువది అనుకుని పోతుందని నమ్మకం. ఊళ్ళో నుంచి వచ్చిన పద్ధతి. ఊరంటే భూమి, మా పెద్దలు బయల్దేరి వచ్చిన గ్రహం. దాన్ని చూసినవాళ్ళు ఇక్కడ ఎవరూ మిగల్లేదు. అక్కడైతే బిడ్డను అప్పటికప్పుడే తిరిగి కొనుక్కునేవారట. ఇక్కడ పుట్టువెంట్రుకల దాకా ఆగుతారు. అందాకా బిడ్డ పెరిగేది కన్నతల్లి దగ్గరే. కానీ అమ్మా అని పిలిస్తే కన్నతల్లి పలకకూడదు. వెంట్రుకలు తీసే రోజున కొన్నావిడను పిలిచి, తవుడు తిరిగి పోసి, కోక పెట్టి బిడ్డను కొనుక్కోవాలి.

తవిటమ్మను కొన్నది కింద వరస పైడమ్మ. పుట్టిన పూటే చేటతో సహా తీసుకుని మొదటి మందుకి గదికి తెచ్చింది ఆవిడే. అప్పుడు గది చూసే మనిషి వేరు. తర్వాతి మందులకి ఇద్దరూ కలిసే వచ్చేవారు. కబుర్లు ఆపకుండా ఇద్దరూ కలిసే రెక్కల మధ్యకి వెళ్ళేవారు. తలుపు తెరుచుకునేది. ఎవరి ఊపిరికి తెరుచుకుంటోందన్నది ఎవరికీ పట్టలేదు.

"పైడమ్మని పిలవండి. ఈ పూటే అయిపోతాది" అన్నాను.

అసిరమ్మ అత్తవైపు చూసింది. సన్నమ్మ పిల్ల గుండు మీద చెయ్యి వేసి, "అది రాదు" అంది.

మర్నాడు

గౌరునాయుడి ఇంటికి వెళ్ళాను. మందు గడ్డకట్టి ఉంటుంది, కరిగించాక ఒక పూటకన్నా నిలవదు, తవిటమ్మది వృథా అయిపోయింది. ఇంకోటి కరగబెట్టడానికి ముందు పైడమ్మ వస్తుందో రాదో తెలియాలి.

గౌరునాయుడు పంపు తొడుగు ఒళ్ళో పెట్టుకుని అరగదీస్తున్నాడు. అసిరమ్మ దీపం కింద పెంచే తొట్టిలో తోటకూర కోస్తోంది. పిల్ల నేల మీద పాకుతోంది.

"వెంట్రుకలకి పైడమ్మని పిలవనేదా?" అన్నాను.

"లేదప్పా."

"ఏఁ?"

అతను పని ఆపలేదు. "పిల్ల దాన్ని సూత్తే సాలు, అమ్మా అని సేతులు సాపుతాది. నా సంకలోనుంచి దూకి ఎల్లిపోతాది. నాను దాని లెక్కలోకి రాను. ఇంటికాడే కానిచ్చేత్తే ఇంక మన పిల్లైపోతాది కదేటి అనుకున్నాం."

"తవుడు పోసినారా?"

"ఎవులికి పోస్తాం? పిలిత్తే కదా."

సన్నమ్మ మూలనుంచి అందుకుంది. "పిలిత్తే పిల్లనెత్తుకుని అన్ని గుమ్మాలూ తిరుగుతాది, నా గుంటని సూడండి నా పిల్లని సూడండని. మా ఇంట్లో మేవే సుట్టాలవైపోనాం దాలీ."

"మరిప్పుడు గది ఆవిడ గుంటే అంటంది."

తవిటమ్మ తొట్టి అంచు పట్టుకుని లేచి నిలబడి అమ్మా అంది. అసిరమ్మ పలకలేదు. కత్తి పక్కన పెట్టి పిల్లను ఎత్తుకుంది గానీ పలకలేదు. వెంట్రుకలు తీసేసినా, తవుడు పోయలేదని ఆమెకి గుర్తుంది.

"నానెల్లి అడుగుతాను" అంది చివరికి.

"ఎల్లకు" అన్నాడు గౌరునాయుడు. "ఇంకో వారం పోనీ. కోపం సల్లారతాది."

బండి వచ్చాక

మూడోదిబ్బ నుంచి కొత్త కూలీలతో బండి వచ్చి నాలుగైదు రోజులయింది. దిగినవాళ్ళలో ఒక పిల్లకి ఒళ్ళంతా తట్టు పోసింది. కింద వరసలోనే పెట్టారు. ఆఫీసు నుంచి కబురు వచ్చింది: ఏడాది మందు పడని పిల్లలందరినీ వెంటనే గదికి తీసుకురావాలి. తట్టు మరో ఇంట్లో కనబడితే కింద వరస తలుపు దించేస్తారు.

సన్నమ్మ మడివాళ్ళనడిగి వేపరెబ్బ తెచ్చి గుమ్మానికి కట్టింది. దిబ్బకంతటికీ వేపమొక్క ఒక్కటే. అది ఇప్పటికే సగం మోడయింది.

ఇక వారం ఆగేది లేదని అసిరమ్మ, నేను కింద వరసకి దిగాం. పిల్లను అత్త దగ్గర వదిలింది. ముక్కుకి గుడ్డలు కట్టుకున్నాం.

పైడమ్మ తన గుమ్మంలో కూర్చుని చిన్నవాడికి పాలు పడుతోంది. పేరు గురువులు. ఆరు నెలలు కూడా లేవు. వాడికి ముందు ముగ్గురు, ముగ్గురికీ మందులన్నీ పడ్డాయి. పైడమ్మ బలమైన మనిషి. తవ్వకంలో మగవాళ్ళతో సమంగా దిగేది. అసిరమ్మను చూసి కొంగు సర్దుకుంది.

"ఒలే అసిరీ, దారి తప్పినావేటి?"

"తప్పలేదొదినా."

"గుండు బాగుందంట కదా. దిబ్బంతా సూసినారు, నాను తప్ప."

అసిరమ్మ తలవంచుకుంది.

"సంతలో గొర్రిని కొన్నోడికైనా బొచ్చు తీసినప్పుడు ఓ మాట సెప్తారే."

"గొర్రినెప్పుడు సూసినావొదినా నువ్వు?"

పైడమ్మ నోరు బిగించుకుని కూర్చుంది. తర్వాత నవ్వు ఆగలేదు. "మా అమ్మమ్మ అనీది. నానూ అంతన్నాను" అంది. నవ్వుతోనే కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు మీ వరసలో డప్పు ఇనిపించినాది. ఎవులింట్లో అని అడిగినాను. మా పిల్లలు సెప్పినారు. ఆలకి తెలిసినాది, నాకు తెల్దు. అన్నం ఎట్టుకుని తిన్నేకపోనానే."

"తప్పైపోనాది."

"నీ తప్పని నాకు తెల్దేటి? నీ మొగుడిదీ, ఆ ముసల్దానిదీ." గురువుల్ని రెండో వైపుకి మార్చుకుంది. "దాలప్పా, మందెప్పుడు కరుగుతాది?"

"ఇప్పుడు కబురెడితే రేపు పొద్దుటికి."

"రేపు పొద్దుటికి ఒస్తాను. నీ కోసం కాదే అసిరీ. నా పిల్ల కోసం. కోక సంగతి తరవాత తేల్సుకుందాం. నాసిరకం ఎడితే ఒప్పను."

పైకి వచ్చేటప్పుడు అసిరమ్మ ముక్కు గుడ్డ సర్దుకుంటూ, "కోక పచ్చది కొనాల. దానికి పచ్చంటే ఇష్టం" అంది. మూడు వరసల్లో కలిపి పచ్చ కోక ఎవరి దగ్గరుందా అని ఇంటిదాకా ఆలోచిస్తూనే ఉంది.

గదికి వచ్చి తవిటమ్మ మందు కరగబెట్టమని మీట నొక్కాను.

తలుపు దించిన రోజు

మందు కరిగింది. రబ్బరు తుడిచాను. అసిరమ్మ, గౌరునాయుడు, సన్నమ్మ పిల్లతో వచ్చి కూర్చున్నారు. పైడమ్మ రాలేదు.

కొంతసేపటికి కింద వరస కాపలావాడు పైకి వచ్చి దూరంగా నిలబడే చెప్పాడు. పైడమ్మ కొడుక్కి పొద్దున ఒళ్ళు కాలిపోతోంది, చెవుల వెనక తట్టు కనిపించింది. ఆ ఇంటి మనుషులెవరూ వరస దాటకూడదు. తలుపు దించమని ఆఫీసు చెప్పింది. మొదటి కూతకి తలుపు మోకాలెత్తు దాకా దిగుతుంది, రెండో కూతకి నేలకి. గాలిని ఇప్పటికే కిందికి తిప్పేశారు. మా వరస గాలి వాళ్ళ వరసలోకి పోతుంది, వాళ్ళది మాకు రాదు.

గౌరునాయుడు లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు.

నేను ఆఫీసుకి కబురు పెట్టాను, జత మార్చాలని. ఎప్పుడూ పూట పట్టే జవాబు ఈసారి తొందరగానే వచ్చింది. మార్చవచ్చు. పాత జత మనిషి "ఈ బిడ్డ నాది కాదు" అనాలి. కొత్త మనిషి "ఈ బిడ్డ నాది" అనాలి. రెండు మాటలూ గది చెవిలో పడాలి. అంతే, గది కొత్త ఊపిరి పట్టుకుంటుంది.

గది చెవి, అంటే మాటలు పట్టే చిల్లుల బిళ్ళ, బయటి రెక్క పక్కన ఉంటుంది. అక్కడి నుంచి కింద వరస తలుపు నాలుగు బారలు. పైడమ్మ తలుపు అవతల నిలబడి గట్టిగా అంటే వినబడుతుంది. అదే అసిరమ్మకి చెప్పాను.

ఆమె పిల్లను గుండెకి అదుముకుంది. "నాననను" అంది.

"మూడు మాటలే అసిరీ."

"ముందు ఇద్దర్నీ అల్లాగే అన్నాను దాలప్పా. పుట్టిన్దగ్గర్నుంచి నాది నాది అన్నాను. అది ఇన్నాది."

అది అంటే ఏమిటో ఎవరూ అడగలేదు.

"పోనీ నానంటాను" అన్నాడు గౌరునాయుడు. "గదికి తండ్రైతే పనికి రాడేటి?"

"పనికొస్తాడు."

"నువ్వన్నా ఈ ఇంటి మాటే కదా" అంది అసిరమ్మ. అతను పిల్ల కోసం చేతులు చాపాడు. ఆమె ఇవ్వలేదు. గోడవైపుకి తిరిగింది.

"తలకాయుందా నీకు? కింద తట్టు పోసింది" అన్నాడు అతను. గొంతు పెంచలేదు. "మందు లేకపోతే అది ఇంటదో ఇనదో నాకు తెల్దు గాని, తట్టు మాత్రం ఇంటాది."

సన్నమ్మ కోడలి పక్షాన మాట్లాడుతుందనుకున్నాను. ఆవిడ నేల మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, "పిలవాల్సింది. ఆ రోజు పిలిసుంటే ఈ పాటికి తవుడు పోసేసేవోలం" అంది. అదొక్కటే రెండుసార్లు అంది.

మొదటి కూత వినిపించింది. తలుపు దిగడం మొదలుపెట్టింది.

నేను తలుపు దగ్గరకి వెళ్ళి వంగి, పైడమ్మను పిలవమని అరిచాను. అవతల కాళ్ళు కనిపించాయి. గాజుల చప్పుడు. పైడమ్మ మోకాళ్ళ మీద కూర్చున్నట్టుంది. బిడ్డ మూలుగుతున్నాడు.

"ఒచ్చీదాన్నప్పా. కాపలావోలు ఒగ్గనేదు."

"తెలిసినాది. గురువులెలాగున్నాడు?"

"ఉన్నాడు" అంది. "తవిటి మందో?"

ఆఫీసు చెప్పింది చెప్పాను. నువ్వు "నాది కాదు" అనాలి, అసిరి "నాది" అనాలి, అసిరి అననంటోంది అని.

అవతలనుంచి బిడ్డ ఊపిరి వినిపించింది.

"నానూ ఒట్టినే నాది కాదని ఎలాగంతాను? కొన్నదాన్ని కదా" అంది పైడమ్మ. "అసిరీ, ఇంతన్నావా? నాదీ అని కన్నతల్లిలాగ అనొద్దు. తవుడు పట్రా. నాకు పోసెయ్యి. కొనుక్కో. కొనుక్కున్నది నాది అంటే ఎవులు కాదంతారే?"

అసిరమ్మ గోడవైపు నుంచి తిరిగింది.

"బేగి తే. తలుపు ఉండదు" అంది పైడమ్మ.

గౌరునాయుడు పరుగెత్తాడు. ఇక్కడ ఒంటి బరువు తక్కువ, పరుగంటే అడుగుకీ అడుగుకీ మధ్య మనిషి గాలిలో ఉండటమే, ఎంత తొందరున్నా నేల తొందరగా అందదు. తవుడు పై వరసలో మర దగ్గర ఉంటుంది. అతను వెళ్ళిన దారి చూస్తూ మేం ముగ్గురం నిలబడ్డాం. సన్నమ్మ ముందుకి వచ్చి, తలుపు పక్కన వంగి, "పైడీ" అంది.

"ఏటత్తా?"

"పిలవనేదని మనసులో ఎట్టుకోకే."

"ఎట్టుకున్నాను. కోక రెండు కావాల ఇప్పుడు" అంది పైడమ్మ.

గౌరునాయుడు చొక్కా ఒళ్ళో తవుడు తెచ్చాడు, చేట కూడా తెచ్చాడు. అసిరమ్మ పిల్లను చేటలో కూర్చోబెట్టి ఆ చేటను గది చెవి కింద పెట్టింది. రెండు చేతులతో తవుడు తీసుకుని తలుపు ముందు వంగి వదిలింది.

ఊళ్ళో తవుడు పోస్తే కుప్పగా పడుతుందంటారు. ఇక్కడ పడదు. చేతులు విప్పాక చాలాసేపు గాలిలోనే ఉంటుంది. ఈసారి గాలి కిందికి తిప్పి ఉంది కాబట్టి, నేలకి చేరకముందే పొగలాగ సాగి, తలుపు కిందనుంచి అవతలికి వెళ్ళిపోయింది. అవతల పైడమ్మ దగ్గింది.

"ముట్టినాది" అంది. తర్వాత గట్టిగా, గదికి వినబడేలా అంది. "ఈ బిడ్డ నాది కాదు. అమ్మేసినాను."

గది చెవి దగ్గర చిన్న దీపం వెలిగింది. అందరం అసిరమ్మవైపు చూశాం. ఆమె పెదాలకి తవుడు అంటుకుని ఉంది.

"ఈ బిడ్డ నాది" అంది. "కొనుక్కున్నాను."

రెండో దీపం వెలిగింది.

రెండో కూత మొదలయ్యేటప్పటికి అసిరమ్మ పిల్లతో రెక్కల మధ్య ఉంది. గది గాలి పీల్చింది. లోపలి రెక్క తెరుచుకుంది. మంచు పడగానే తవిటమ్మ బెదిరి ఏడ్చింది, అమ్మా అమ్మా అని. అద్దంలోనుంచి చూస్తున్నాను. అసిరమ్మ ముందు అలవాటుగా ఊరుకుంది. తర్వాత ఊఁ అంది. వినబడలేదు, నోరు కదలడం కనిపించింది.

వాళ్ళు బయటికి వచ్చేసరికి కింద వరస తలుపు నేలని తాకింది. అవతలి బిడ్డ మూలుగు వినబడడం ఆగిపోయింది. రబ్బరు కింద కొంచెం తవుడు ఇరుక్కుంది. తీయడానికి వీల్లేదు.

తలుపు దించి ఉండగా

రోజూ గది తుడుస్తున్నాను. వచ్చేవాళ్ళు లేరు.

తవిటమ్మకి ఒకరోజు ఒళ్ళు వెచ్చబడింది. అసిరమ్మ నన్ను పిలిపించింది. మందు వల్లనా, ముందే అంటిందా, మాట అన్నందుకా అని అడిగింది. మందుకి ఇలా వెచ్చబడటం మామూలే అన్నాను. మూడింటిలో నాకు తెలిసింది అదొక్కటే. తర్వాత ఛాతీ మీద నాలుగు పొక్కులు వచ్చాయి. సన్నమ్మ వేపరెబ్బతో విసిరింది. పొక్కులు మాడిపోయాయి. పిల్ల కూర ముద్ద అడిగి తింది.

కింద వరస నుంచి రోజుకొకసారి కాపలావాడి గొంతు గొట్టంలో వస్తుంది. ఎన్ని ఇళ్ళలో ఉందో చెబుతాడు, పేర్లు చెప్పడు. ఒకరోజు, బండిలో వచ్చిన పిల్ల పోయిందని చెప్పాడు. ఇంకో రోజు, ఒక మగబిడ్డకి ఊపిరి అందడం లేదు, గాలి సీసా పంపమన్నాడు. గౌరునాయుడు తన పనివంతు వదిలేసి సీసాకి తొడుగు తయారుచేసి సరుకుల గొట్టంలో దింపాడు. ఎవరికని అడగలేదు.

అసిరమ్మ పచ్చ కోక దొరకబుచ్చుకుంది. పై వరస ఆవిడొకతె దగ్గర ఉందట, తన రెండు నెలల నీళ్ళ వంతు ఇచ్చి తీసుకుంది. మడతపెట్టి పిల్ల ఉయ్యాల కింద పెట్టింది.

తలుపు ఎత్తాక

తలుపు లేచింది. రబ్బరు కింద ఇరుక్కున్న తవుడు నల్లబడి ఉంది. దాన్ని గీకి తీస్తుంటే పైడమ్మ పైకి వచ్చింది.

ముందు గుర్తుపట్టలేదు. సగమైపోయింది. చేతిలో చేట ఉంది. చేటలో గురువులు ఉన్నాడు. తట్టు మాడి చర్మం పొట్టు లేస్తోంది. కళ్ళు తెరిచే ఉన్నాడు గాని దేన్నీ చూడటం లేదు. ఊపిరి తీసినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. సన్నని ఈల వినిపిస్తోంది.

"తగ్గినాదన్నారు. ఒగ్గీసినారు" అంది. "కానీ ఈ ఊపిరి సూడప్పా."

అసిరమ్మకి కబురు పంపాను. తవిటమ్మను ఎత్తుకుని వచ్చింది, చేతిలో కోక. వెనకాలే సన్నమ్మ. కోక ఇవ్వబోతే పైడమ్మ అందుకోలేదు. చేట కింద పెట్టింది.

"కోకొద్దే. ఈన్ని కొను."

అసిరమ్మకి అర్థం కాలేదనుకుంటాను. అలాగే నిలబడింది.

"కొనీ, తవుడికి. ఇంటికి తీసుకెల్లక్కర్నేదు, నా కాడే ఉంతాడు. కొన్నానని అంటే సాలు."

సన్నమ్మ మెల్లిగా అంది. "అలాగ కాదే పైడీ. పిల్లలందరూ బతికినోలు కొనాల. దీనికి ఇద్దరు పోనారు కదే. పై వరసలో ఎవులినైనా అడుగుదాం."

"నాకు నలుగురూ బతికే ఉన్నారు కదత్తా, నా సెయ్యి మంచిదని కదా నాకమ్మినారు" అంది పైడమ్మ. "ఏటైనాది? ఎవులి సెయ్యి మంచిదో నాకు తెల్దు. దీని కాడున్నది బతికినాది. నాను దాన్నే సూసి అడుగుతున్నాను."

"ఒక్కర్తే కదొదినా బతికినాది నాకు" అంది అసిరమ్మ.

"బతికినాది కదా."

తవిటమ్మ పైడమ్మను చూసి అమ్మా అని చేతులు చాపింది. పైడమ్మ పలకలేదు. చూపు చేట మీదినుంచి తీయలేదు. పిల్ల మళ్ళీ అంది. అప్పుడు అసిరమ్మ ఊఁ అని పలికి, పిల్లను అత్త చేతికిచ్చి, మర దగ్గరకి తనే వెళ్ళి దోసిలితో తవుడు తెచ్చింది.

నేను ఒక్క మాట చెప్పాను. గురువులు ఊపిరి గదిలో పైడమ్మతోనే జతపడి ఉంది, ఏడాది మందుకి ఆవిడ రావాలి, ఈసారి ఇంట్లో ఎవరికి అమ్మినా గదికి మాత్రం ఆవిడే రావాలి అని.

"ఇద్దరం ఒస్తాం" అంది అసిరమ్మ.

ఏడాది అన్న మాట అన్నాక నాకే ఎలాగో అనిపించింది. పైడమ్మ ఆ మాట పట్టుకోలేదు. కొంగు పట్టి మోకాళ్ళ మీద కూర్చుంది.

అసిరమ్మ చేతులు ఎత్తి తవుడు వదిలింది. గాలి మళ్ళీ మామూలుగానే వీస్తోంది, తవుడు ఎటూ పోలేదు. పైడమ్మ కొంగు మీదుగా, చేట మీదుగా విచ్చుకుని దిగుతోంది. పిల్లవాడి ముఖం మీద పడకుండా అసిరమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది. ఈల ఆగి ఆగి వినిపిస్తోంది. తవుడు నేలకి చేరితే గాని ఊడ్వడానికి లేదు. చీపురు పట్టుకుని నిలబడ్డాను.